గుంజేది పంపు కాదు

సెప్టిక్ ట్యాంకర్ మీద కొత్తగా చేరిన డ్రైవరును మొదటి రోజే ఎవరింటికీ పంపకూడదు. పని తెలిసిన యజమాని పంపడు కూడా. షెడ్డు ముందు మంచినీళ్ల డ్రమ్ము ఒకటి పెట్టించి, నాలుగంగుళాల గొట్టం అందులో ముంచమంటాడు. బండి న్యూట్రల్‌లో ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద చెక్కలు పెడతారు. కొత్త డ్రైవరు క్లచ్ తొక్కి పీటీవో లివరు లాగుతాడు. అంతదాకా చక్రాలు తిప్పడానికే తెలిసిన ఇంజను ఇప్పుడు పంపును తిప్పుతుంది. ట్యాంకు మీది గేజులో ముల్లు కదులుతుంది. 100, 200, 300... 500 దగ్గర వాల్వు తెరవగానే నేల మీద పడి ఉన్న గొట్టం ఒక్కసారి విదిలించుకుంటుంది. డ్రమ్ములోని 200 లీటర్ల నీళ్లు చూస్తుండగానే ఖాళీ.

"చూసినవా తమ్మీ, ఎట్ల గుంజిందో!"

వరంగల్‌లోనో హనుమకొండలోనో పాత డ్రైవరు ఇలాగే అంటాడు. కోస్తాలో అయితే "ఎలా లాగేసిందో చూడు" అంటారు. గుంజడం, లాగడం, పీల్చడం అని మూడు మాటలున్నాయి మనకు. మూడూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. పంపు ఆ నీళ్లను తాకనే లేదు. నీళ్లు వచ్చి పడిన ట్యాంకు వేరు, పంపు వేరు. పంపు చేసిన పనల్లా ట్యాంకులోని గాలిని కొంత బయటికి తోడెయ్యడమే. నీళ్లను గొట్టంలోకి ఎక్కించింది డ్రమ్ము మీద, డ్రైవరు నెత్తి మీద, షెడ్డు మీద, ఊరంతటి మీద కూర్చుని ఉన్న గాలి.

మన తల మీద గాలి ఉందన్న సంగతి తెలుసు కానీ, అది ఎంత బరువో మనకు తట్టదు. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా అది సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. చదరపు మీటరు మీద అయితే పది టన్నులు. అన్ని వైపుల నుంచీ ఒకే తీరుగా నొక్కుతుంది కాబట్టి మనకు తెలియదు. ఒక వైపు గాలిని తీసేసిన క్షణాన రెండో వైపు గాలి తన బలం చూపిస్తుంది. ట్యాంకర్ డ్రైవరు బతుకుతెరువంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

ఈ సంగతి మనుషులకు తెలియడానికి బావులు తోడే పంపులే కారణమయ్యాయి. చూషక పంపుతో నీళ్లు సుమారు పది మీటర్లకు మించి పైకి రావడం లేదని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఎందుకు రావో ఆయనకు సరిగ్గా అంతుపట్టలేదు. ఆయన దగ్గర చివరి రోజుల్లో ఉన్న టోరిచెల్లి 1643 ప్రాంతంలో నీళ్లకు బదులు పాదరసం తీసుకుని చూశాడు. పాదరసం నీళ్లకన్నా 13.6 రెట్లు బరువు. గాజు గొట్టంలో అది 76 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆ 76ను 13.6తో హెచ్చవేస్తే వచ్చేది 10.3 మీటర్లు. పంపు నీళ్లు ఆగిపోయేదీ అక్కడే. పైనుంచి ఎవరూ లాగడం లేదు, కిందనుంచి గాలి మోస్తోంది, దాని శక్తి అంతవరకే.

ట్యాంకర్ గేజు మీద ఇప్పటికీ చాలాచోట్ల 0 నుంచి 760 దాకా అంకెలుంటాయి. అవి టోరిచెల్లి పాదరసం మిల్లీమీటర్లే. డ్రైవరు "500 వచ్చింది" అన్నప్పుడు, ట్యాంకు లోపలి గాలి బయటి గాలి కన్నా 500 మిల్లీమీటర్ల పాదరసమంత పలచబడిందని అర్థం. ఆ తేడా నీళ్లను 6.8 మీటర్లు ఎత్తగలదు. సముద్రపు ఒడ్డున విశాఖలో సిద్ధాంతరీత్యా హద్దు 10.3 మీటర్లయితే, 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి కాస్త పలచన కాబట్టి అది 9.7 దగ్గరే ఆగుతుంది. బండి ఎంత ఖరీదైనదైనా, ఇంజను ఎన్ని గుర్రాలదైనా ఈ హద్దు మారదు. ఉత్త నీళ్ల సంగతి ఇది. సెప్టిక్ ట్యాంకు మడ్డి అయితే నీళ్లకన్నా చిక్కన. సందులో బండి పట్టక వంద అడుగుల గొట్టం పరిస్తే, ఆ పొడవునా రాపిడికే చాలా బలం ఖర్చయిపోతుంది.

అందుకే గేజు చదవడం కొత్త డ్రైవరు నేర్వాల్సిన మొదటి అక్షరం. పంపు తిరుగుతున్నా ముల్లు పైకి ఎక్కడం లేదంటే ఎక్కడో గాలి దూరుతోంది. గొట్టాల జాయింటులో రబ్బరు వాషరు జారి ఉంటుంది, లేదా వెనక మూత సరిగ్గా బిగియలేదు. ముల్లు ఒక్కసారిగా పైకి లేచి అక్కడే నిలబడితే గొట్టం నోట ఏదో అడ్డం పడింది. గుడ్డపేలిక, ప్లాస్టిక్ సంచి, పిల్లల డైపరు, జనం దొడ్లో వేయకూడనివన్నీ అక్కడే దొరుకుతాయి. ముల్లు మెల్లమెల్లగా జారుతూ గొట్టం గురక పెడితే, గుంటలో మట్టం తగ్గి గొట్టం నోరు గాలి మింగుతోంది. చేయి తిరిగిన డ్రైవరుకు ముల్లు చూడకుండానే ఆ గురకను బట్టి సంగతి తెలిసిపోతుంది. మడ్డి మరీ చిక్కగా ఉంటే అతనే గొట్టం నోటిని కాస్త పైకెత్తి కావాలని గాలి మింగిస్తాడు. దూసుకొచ్చే గాలి మడ్డిని ముద్దలు ముద్దలుగా తనతో మోసుకుపోతుంది. పాఠ్యపుస్తకం చదవని వాళ్లు పని మీద కనుక్కున్న భౌతికశాస్త్రం అది.

ఇంత బలం బయటినుంచి నొక్కుతుంటే ట్యాంకు నొక్కుకుపోదా? పోగలదు. గేజు 600 దగ్గర ఉన్నప్పుడు ట్యాంకు రేకు మీద ప్రతి చదరపు మీటరుకూ సుమారు ఎనిమిది టన్నుల బరువు పడుతుంది. పెట్టె ఆకారంలో కడితే పక్కలు లోపలికి విరుచుకుపడతాయి. అందుకే గుండ్రటి పీపా, రెండు చివరలా ఉబ్బిన మూతలు, నడుము చుట్టూ ఇనుప పట్టీలు. కోడిగుడ్డును గుప్పిట్లో పెట్టి అన్ని వైపులా సమంగా నొక్కితే చితకదు, ఆ సూత్రమే ఇది. మాగ్డెబర్గ్ నగరంలో ఓటో ఫాన్ గెరికె 1657లో రెండు రాగి అర్ధగోళాలను జతచేసి, లోపలి గాలి తోడేసి, అటు ఎనిమిది ఇటు ఎనిమిది గుర్రాలు కట్టి లాగించాడు. అవి విడిపోలేదు. ఆ గోళం అడ్డకొలత అర మీటరు ఉంటుందేమో. మన వీధి చివర ఆగి ఉన్న పాత ట్యాంకరు దానికి ఎన్నో రెట్లు పెద్దది.

పంపు లోపలా చూడదగిన పనితనం ఉంది. గుండ్రటి గది, అందులో నడిమధ్యన కాకుండా ఒక పక్కకు ఒదిగి తిరిగే ఇరుసు. ఇరుసుకు నిలువునా గాళ్లు, గాళ్లలో వదులుగా కూర్చున్న పలకలు. ఇరుసు వేగంగా తిరిగితే పలకలు బయటికి తోసుకొచ్చి గోడను రాసుకుంటూ పోతాయి. రెండు పలకల మధ్య చోటు ఒక వైపు పెద్దదవుతూ గాలిని తీసుకుంటుంది, రెండో వైపు చిన్నదవుతూ బయటికి నెట్టేస్తుంది. ఆయిలు చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండాలి. ఆయిలు ఆగితే పలకలు కాలి అరిగిపోతాయి. గాలి కోసం చేసిన ఈ గదిలోకి మడ్డి జొరబడితే పలకలు విరిగిపోతాయి. కాబట్టి ట్యాంకు నెత్తిన తేలే బంతి ఒకటి ఉంటుంది. మట్టం పైదాకా వస్తే బంతి లేచి పంపుకు పోయే దారి మూసేస్తుంది. అది దాటి తడి వచ్చినా పట్టుకోడానికి ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. కొత్త డ్రైవరు బంతి మీద భరోసా పెట్టుకోకుండా ట్యాంకు అద్దంలో మట్టం చూసుకుంటూ ముందే ఆపాలి. జుట్టో గుడ్డపీచో చుట్టుకుంటే బంతి లేవదు.

పంపు తోడి పారేసే ఆ గాలి ఎక్కడికి పోతుందన్నది చాలామందికి తట్టని ప్రశ్న. ట్యాంకులో ఉన్నది మామూలు గాలి కాదు, మడ్డి నుంచి లేచిన వాయువులు కలిసిన గాలి. అది పంపు గొట్టంలోంచి బయటికే వస్తుంది. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి ఎదురు వైపున నిలబడటం, ఆ గొట్టం నోరు ఎవరి కిటికీ వైపూ లేకుండా బండి పెట్టడం పనిలో భాగం.

ఇక గుంట సంగతి. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులోని వెజూల్ ఊళ్లో జాన్ లూయి మూరాస్ అనే ఆయన తన ఇంటి మరుగునీటికి రాతి తొట్టె కట్టించాడు. పన్నెండేళ్ల తరవాత తెరిచి చూస్తే నిండా గట్టి మలం ఉంటుందనుకున్న చోట దాదాపు ద్రవమే కనిపించింది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు చాలా భాగాన్ని తినేశాయి. 1881లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డోనాల్డ్ కామెరాన్ ఇలాంటిదే పెద్ద ఎత్తున కట్టి సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెట్టాడు. కుళ్లబెట్టేది అని ఆ గ్రీకు మాటకు అర్థం.

సరిగ్గా కట్టిన ట్యాంకులో మూడు పొరలుంటాయి. పైన నూనె, జిడ్డు కలిసిన తెట్టు. మధ్యలో మురుగునీరు. అడుగున మడ్డి. సూక్ష్మజీవులు తిన్నంత తిని, అరగనిది అడుగున వదిలేస్తాయి. అది ఏటేటా పేరుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి తీయించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మన ఇళ్లలో పది పన్నెండేళ్లయినా మూత తీయరు. దొడ్లో నీళ్లు వెనక్కి తన్నితేనే ట్యాంకర్‌కు ఫోను వస్తుంది. అప్పటికి అడుగు మడ్డి బంకమట్టిలా బిగుసుకుని ఉంటుంది. నీళ్లు కొట్టి నానబెట్టనిదే గొట్టంలోకి ఎక్కదు.

పైగా సెప్టిక్ ట్యాంకు అని ఇంటివాళ్లు చెప్పేది చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకే కాదు. ఒకదాని మీద ఒకటి సిమెంటు రింగులు దించిన గుంట. కోస్తాలో ఒరలంటారు. అడుగు మూసి ఉండదు, నీళ్లు నేలలోకి ఇంకిపోతుంటాయి. దాని మీదే హాలు కట్టి టైల్స్ పరిచేసిన ఇళ్లున్నాయి. "మూత ఏదమ్మా?" అంటే ఇంటావిడ సోఫా వైపు చూపిస్తుంది. టైలు పగలగొట్టాల్సిందే. ఒరల గుంటను పూర్తిగా ఖాళీ చేయడం కూడా అన్ని వేళలా మంచిది కాదు. గోదావరి డెల్టాలో, వానాకాలంలో, నేలలో నీళ్లు జానెడు లోతులోనే ఉంటాయి. లోపలి బరువు తీసేస్తే బయటి నీళ్లు గుంట గోడలను లోపలికి తోస్తాయి. తేలికపాటి ప్లాస్టిక్ ట్యాంకయితే పడవలా పైకి తేలిపోగలదు. ఆర్కిమిడీస్ సూత్రం పెరట్లో పనిచేయడమంటే అదే. ఇంకో కారణమూ ఉంది. కొంచెం మడ్డి అడుగున మిగల్చమని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణమే చెబుతుంది. పాలు తోడుకోడానికి గిన్నెలో చెంచాడు పెరుగు మిగుల్చుకుంటాం. పోలిక కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు కానీ రెండు చోట్లా చేసేది పాత సూక్ష్మజీవులను కొత్త పనికి అప్పగించడమే.

మూత తీసే క్షణం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం అక్కడుంది.

గునపం మొన మూత అంచున దించి మోపగానే మొదట వచ్చేది కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మల మూత్రాల్లో, సబ్బుల్లో ఉన్న సల్ఫేటును కొన్ని సూక్ష్మజీవులు ఊపిరికి వాడుకుని ఈ వాయువును వదులుతాయి. మన ముక్కు దీన్ని పసిగట్టడంలో దిట్ట. గాలిలో పది లక్షల పాళ్లలో ఒక పాలుకన్నా ఎంతో తక్కువ ఉన్నా పట్టేస్తుంది. వాసన వస్తోంది కాబట్టి ప్రమాదం తెలుస్తుంది కదా అనిపిస్తుంది. చావులు మొదలయ్యేది ఆ నమ్మకంతోనే. వాయువు పది లక్షల్లో 100 పాళ్లకు చేరితే కాసేపట్లోనే ముక్కులోని వాసన నరం మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోతుంది. లోపలికి వంగిన మనిషి "ఇప్పుడు ఫరవాలేదు, పోయింది" అనుకుంటాడు. పోయింది వాయువు కాదు, అతని ముక్కు. 500 నుంచి 700 పాళ్లలో కొద్ది నిమిషాల్లో కుప్పకూలుతాడు. వెయ్యి దాటితే ఒకటి రెండు ఊపిర్లు చాలు. కణంలో ఆక్సిజన్‌ను వాడుకునే చివరి ఎంజైమును ఇది పట్టి ఆపేస్తుంది. సయనైడు పట్టుకునేదీ దాన్నే. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కణానికి దాన్ని వాడుకునే దారి ఉండదు.

గాలి కన్నా ఇది సుమారు 1.2 రెట్లు బరువు. కాబట్టి గుంట అడుగున నిలిచి ఉంటుంది. అంతకన్నా మోసకారి గుణం ఇంకొకటుంది. కదలకుండా ఉన్న మడ్డిలో ఈ వాయువు కరిగి దాగి ఉంటుంది. కర్రతో కలిపినా, కాలితో తొక్కినా, సోడా సీసా ఊపినట్టు ఒక్కసారిగా బయటపడుతుంది. మూత తీసి గంటసేపు ఉంచాం, గాలి ఆడింది, ఇక దిగొచ్చు అనే లెక్క అందుకే తప్పుతుంది. పైన గాలి శుభ్రంగానే ఉంటుంది. దిగినవాడి అడుగే విషాన్ని లేపుతుంది.

పాడుబడిన బావిలోకి దిగేముందు వెలిగించిన లాంతరు దించి చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. దీపం ఆరితే దిగరు. ఆ తెలివి గొప్పదే, బావికి సరిపోతుంది. ఆక్సిజన్ బాగా తగ్గితే మంట ఆరుతుంది. కానీ మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. అంతేకాదు, సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్లున్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. లాంతరే ప్రాణం తీయొచ్చు. మూత దగ్గర బీడీ వెలిగించినా అంతే. నాలుగు అంకెలు చూపించే గ్యాస్ డిటెక్టరు ఒక్కటే నమ్మదగింది. ఆక్సిజన్ ఎంత, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, పేలే వాయువు ఎంత అని అది చెబుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గిన చోట మనిషి ఉండకూడదు.

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో ఇద్దరు ఆంధ్ర కూలీలు మురుగు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుపోయారు. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు పరుగెత్తుకొచ్చి వాళ్లను కాపాడటానికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఏ పత్రిక తిరగేసినా ఈ వార్తలు ఇలాగే ఉంటాయి. ఒకడు పడిపోతాడు, అన్నో స్నేహితుడో దిగుతాడు, ఆ వెనక ఇంకొకడు. ప్రేమ వాళ్లను దింపుతుంది. లోపల ఉన్నది విషమని వాళ్లకెవరూ చెప్పలేదు. 2019 నుంచి 2023 దాకా ఐదేళ్లలో మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఈ పని ఎవరి మీద పడుతూ వచ్చిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన తట్ట పెట్టి, ఆ కులాలవాళ్లనే గుంటల్లోకి దింపింది సమాజం. కోలార్ బంగారు గనుల్లో అలాంటి కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి దశాబ్దాలు పోరాడాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2013లో వచ్చిన చట్టం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడాన్ని నేరం చేసింది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2014 మార్చి తీర్పులో సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20 తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది.

ట్యాంకర్ డ్రైవరుకు ఇవన్నీ ఎందుకంటే, గుంట పక్కన నిలబడి "వద్దు" అనగలిగిన ఆఖరి మనిషి అతనే. గొట్టంలో మడ్డి ఎక్కడం లేదు. ఇంటాయనకు తొందరగా ఉంది. "మీ కుర్రాణ్ణి ఒక్క నిమిషం దింపి కలిపించు, ఐదొందలు ఎక్కువిస్తా" అంటాడు. హెల్పరు అప్పటికే ప్యాంటు మడుస్తుంటాడు. అలాంటప్పుడు నీళ్లు కొట్టి నానబెట్టడం, గొట్టం నోరు మార్చడం, లేకపోతే రేపు ఇంకోసారి వస్తామనడం. ఇన్ని దారులున్నాయి. దిగడం ఆ దారుల్లో లేదు. పంపు, గేజు, వంద అడుగుల గొట్టం, ఇంత ఇనుము, ఇదంతా చేసుకున్నది మనిషి పైనే ఉండటానికి. ఎవరైనా లోపల పడిపోతే డ్రైవరు చేయాల్సిన పని అన్నిటికన్నా కష్టమైనది. తను దిగకూడదు. 101కు ఫోను చేసి, చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరినీ దిగనీయకుండా పట్టి ఆపాలి.

పని ముగిసి ట్యాంకు నిండాక బండి రోడ్డెక్కుతుంది. ఇసుక లారీ నడిపి వచ్చినవాడికి బరువు కొత్త కాదు, కానీ ఇది కదిలే బరువు. నాలుగు వేల లీటర్ల ట్యాంకు నిండా ఉంటే నాలుగు టన్నులు, ఒకే ముద్దలా కూర్చుంటుంది. సగం నిండినప్పుడే భయపడాలి. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, లోపలి రెండు టన్నులు ఆగవు. ముందు గోడకు అలలా వెళ్లి కొట్టుకుంటాయి. ఆగిందనుకున్న బండి ఒక క్షణం తరవాత ముందుకు తోసుకుంటుంది. మలుపులో అల పక్కకు లేస్తుంది, బరువు కేంద్రం బయటి చక్రాల వైపు జరుగుతుంది, లోపలి చక్రాలు తేలికవుతాయి. బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్లకు ఇది తెలుసు. నిండు బిందె కన్నా వెలితి బిందె తొణికి అదుపు తప్పుతుంది. పెట్రోలు ట్యాంకర్లలో అల ఆపడానికి అడ్డుగోడలుంటాయి. మడ్డి ట్యాంకుల్లో తరచూ ఉండవు, మూలల్లో మడ్డి ఇరుక్కుంటుందని. మలుపులో పక్కకు తోసే బలం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది కాబట్టి, సగం బండికి మలుపు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

చేతుల గురించి ఒక మాట. ఏలికపాము ఆడది రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్డు కంటికి కనిపించదు. గట్టి పెంకు వల్ల మట్టిలో నెలలు, కొన్నిసార్లు ఏళ్లు బతికి ఉంటుంది. గొట్టం విప్పిన చేతితొడుగుతోనే స్టీరింగు పడితే, తొడుగు విప్పాక ఉత్త చేత్తో అదే స్టీరింగు పడతాడు, ఆ చేత్తోనే ఇంటికెళ్లి బిడ్డనెత్తుకుంటాడు. అందుకే తొడుగులు క్యాబిన్ బయటే విప్పాలి, సబ్బూ నీళ్ల క్యాను బండి బయటే వేలాడాలి. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు యజమాని సొంత ఖర్చుతో వేయించాలి. బండికి ఇన్సూరెన్సు కట్టేవాడు మనిషికి ఆ మాత్రం చేయలేడా?

మోసుకెళ్లిన దాన్ని ఎక్కడ పొయ్యాలన్నది చాలాకాలం ఎవరూ అడగలేదు. ఊరి చివర వాగు, నాలా, ఖాళీ చేను, చీకటి పడ్డాక ఎక్కడ వాలు దొరికితే అక్కడ. దేశంలో మొదటిసారి ఈ మడ్డి కోసమే శుద్ధి కేంద్రం 2015లో బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో వచ్చింది, రోజుకు ఆరు వేల లీటర్లు పట్టేది. 2016లో వరంగల్ మహానగరపాలక సంస్థ సెప్టిక్ ట్యాంకుల మడ్డికి సొంత నిబంధనలు తెచ్చి, ఆ పని చేసిన తొలి నగరాల్లో నిలిచింది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నిపుణులు అందులో తోడుగా ఉన్నారు. అక్కడ కట్టిన కేంద్రంలో మడ్డిని పిండి, ఆరబెట్టి, గాలి సరిగ్గా ఆడని కొలిమిలో వేడిచేసి బొగ్గుపొడిలా మారుస్తారు. ఆ వేడికి ఏలికపాము గుడ్డు మిగలదు.

కేంద్రంలో బండి వెనక వాల్వు తెరిచే ముందు గేజు సున్నాకు వచ్చిందా అని చూడాలి. లోపల ఇంకా వెలితి ఉంటే మడ్డి బయటికి రాదు, బయటి గాలి లోపలికి దూరుతుంది. పైన చిన్న వాల్వు తిప్పితే గాలి సుయ్యిమంటూ ట్యాంకులోకి వస్తుంది. ముల్లు దిగుతుంది. అప్పుడు పెద్ద వాల్వు. ట్యాంకు ఖాళీ అయ్యాక మంచినీళ్ల డ్రమ్ములో గొట్టం ముంచి, మొదటి రోజు షెడ్డు ముందు చేసిన పనే మళ్లీ చేస్తారు, గొట్టం కడగడానికి.

అప్పుడే ఫోను మోగుతుంది. కొత్త డ్రైవరు తొడుగు విప్పి, చెయ్యి కడుక్కుని, ఎత్తుతాడు. మూత ఎక్కడుందమ్మా, బండి ఇంటి దాకా వస్తుందా, ఆఖరిసారి ఎప్పుడు తీయించారు అని అడుగుతాడు.

"ఇల్లు కట్టినప్పటి నుంచి తీయలేదయ్యా. పద్నాలుగేళ్లు."

అతను హెల్పరును పిలిచి ఇంకో రెండు డ్రమ్ములు నీళ్లు బండికెక్కించమంటాడు.